బండకు నేను పెట్టిన గుడి

మున్సిపల్ ఆఫీసుల్లో కొత్తగా చేరిన పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నేను పెద్ద అధికారినేం కాదు. ముప్ఫై ఏళ్ళకు పైగా టౌన్ ప్లానింగ్ విభాగంలో టేపు పట్టుకుని వీధులు కొలిచినవాణ్ణి. చివర్లో సూపర్‌వైజర్‌నై, టేపు పట్టుకున్నవాళ్ళ మీద అరిచినవాణ్ణి. నా సర్వీసులో గోడలు కూలగొట్టించాను, కోర్టు మెట్లెక్కాను, కొలతలకు పోయి ఒకాయన పెంపుడు కుక్క చేత కరిపించుకున్నాను. అవేవీ నన్ను తల దించుకునేలా చేయలేదు. ఆ పని చేసింది ఒక గుడి. దేవుడి గుడి కాదు. డకు గుడిస్తే డి అవుతుంది చూడండి, ఆ గుడి.

నాకొక జబ్బుంది. ఎక్కడైనా తెలుగులో తప్పు కనబడితే నా చేయి ఊరుకోదు. కడప జిల్లాలో నాకు చదువు చెప్పిన తెలుగు అయ్యవారు ఒక్కో తప్పుకు ఒక్కో దెబ్బ వేసేవాడు. ఆయన వేసిన దెబ్బలన్నీ నేను తర్వాత ఎర్ర సిరాతో లోకం మీద తీర్చుకున్నాను. పెళ్ళి పత్రికలు దిద్దాను. హోటల్లో పలహారాల పట్టీ దిద్దాను. మా మామగారి కర్మ కార్డు కూడా దిద్ది ఇంట్లో చీవాట్లు తిన్నాను. ఆఫీసులో నా వెనక 'పంతులు' అనేవారు. నాకు తెలుసు. లోలోపల సంతోషంగానే ఉండేది. కమిషనర్లు పచ్చ సిరాతో సంతకం పెట్టే ముందు ఫైలులో నా ఎర్ర సిరా ఉందో లేదో చూసుకునేవారు మరి.

రిటైర్మెంటుకు ఇంకో ఏడాది ఉందనగా ఆ బజారు పని వచ్చింది. కర్నూలు పెరిగి పెరిగి చుట్టుపక్కల పల్లెల్ని తనలో కలిపేసుకుంది. అలా కలిసిపోయిన ఒక పల్లె నడిబొడ్డున పాత బజారొకటి ఉంది. రెండు వరసల మిద్దెలు, కింద అంగళ్ళు, వాటి ముందు ఒక మురుగు కాలువ. మున్సిపాలిటీ స్థలం, శెట్ల బాడుగలు. వాన పడితే బియ్యం మూటల మీద కారేది. దాన్ని పడగొట్టి పెద్ద భవనం కట్టాలని నిర్ణయించారు. కింద అంగళ్ళు, వాటి మీద బ్యాంకు, ఆసుపత్రి, ట్యూషన్లు చెప్పేవాళ్ళు, ఆ పైన మూడంతస్తుల ఫ్లాట్లు. బజారు మొదట్లో ఒక పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో కొత్త భవనం, దాని ముందు పచ్చటి చెట్లు, వాటి కింద నడుస్తున్న మనుషులు. ఆ మనుషులందరూ చలికోట్లు వేసుకుని ఉన్నారు. మా కర్నూలు ఎండలో చలికోట్లు! ఆ బొమ్మ చూసి బజారంతా వారం రోజులు నవ్వింది.

కట్టేదానికంటే ముందు, ఇప్పుడు అక్కడ బతుకుతున్నవాళ్ళు ఎవరెవరో జాబితా రాయాలి. పైనుంచి వచ్చిన ఫారంలో మూడు రకాలే ఉన్నాయి. అంగడి, బంకు, బండి. అంగడి ఉన్నవాళ్ళకు అంగడి ఇస్తారు. బంకు ఉన్నవాళ్ళకు మూలల్లో చిన్న గది ఇస్తారు. బండి ఉన్నవాళ్ళకు లోపల చోటు లేదు. చక్రాలున్నాయి కాబట్టి ఎక్కడికైనా తోసుకుపోవచ్చునని ఆ ఫారం తయారు చేసినవాళ్ళ ఉద్దేశం.

సర్వే చేసింది మా వార్డు ప్లానింగ్ సెక్రటరీ. నందికొట్కూరు వైపు అమ్మాయి. ఇంజనీరింగు చదివి, పరీక్ష రాసి, ఉద్యోగం తెచ్చుకుంది. ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. ఎండలో స్కూటరు మీద తిరిగి, వారం రోజుల్లో ప్రతి మనిషినీ కలిసి, చేత్తో రాసిన కాగితాలు నా బల్ల మీద పెట్టింది. ముత్యాల్లాంటి అక్షరాలని మెచ్చుకోబోయాను. అంతలో కనబడింది తప్పు. ఇరవై రెండు పేర్లకు ఎదురుగా, రకం అన్న గడిలో, 'బండ' అని రాసింది.

నా చేయి ఊరుకుంటుందా? ఈ కాలం పిల్లలకు గుణింతాలు రావని గొణుక్కుంటూ, ఇరవై రెండు 'డ'ల మీదా ఇరవై రెండు గుడులు పెట్టాను. ఒక్కో గుడినీ గుండ్రంగా, అందంగా.

ఆ అమ్మాయి కాగితాలు తీసుకుని చూసుకుంది. పోలేదు. నిలబడింది.

"సార్, మీరు దిద్దినారే, అది బండే సార్" అంది.

"బండే కదమ్మా! నేను రాసిందీ అదే. నువ్వు గుడి మింగేసినావు, నేను పెట్టినాను. పోయి టైపు చేయించు."

ఆమె ఇంకేదో అనబోయి, "సరే సార్" అని వెళ్ళిపోయింది. అంతకు వారం ముందే 'అభ్యంతరం' అన్న మాటలో ఒత్తు మరిచిపోయినందుకు ఆమెను అరగంట నిలబెట్టి పాఠం చెప్పాను. ఇక నోరెలా పెగులుతుంది?

జాబితా వార్డు సచివాలయం గోడకు అంటించారు. అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో చెప్పమన్నారు. అంగళ్ళవాళ్ళు కొలతల గురించి బోలెడు అర్జీలు పెట్టారు. ఆ ఇరవై రెండు మందిలో ఒక్కరూ రాలేదు. గడువు అయిపోయింది. నా జాబితా ఎంత పకడ్బందీగా ఉందో అని హెడ్‌క్లర్కు దగ్గర గొప్పలు కూడా చెప్పుకున్నాను.

గడువు దాటాక, ప్లాను ఖాయం చేసే మీటింగు రేపనగా, ఒక అవ్వ ఆఫీసుకు వచ్చింది. ఆ బజారులో ఉప్పూపప్పుల శెట్టి అంగడి ముందు నిమ్మకాయలు అమ్మే అవ్వ. నేనెరుగుదును, ఆమె దగ్గర ఎన్నోసార్లు కొన్నాను. ఎండాకాలంలో నిమ్మకాయల పక్కన బనగానపల్లె మామిడిపండ్ల గంప కూడా పెట్టేది. నేను అన్నం డబ్బా విప్పుతున్నాను.

"ఏం సారూ, అన్నం తినబోతాండావా? తినప్పా, తిను. నేను రొంతసేపు ఈడ కూచ్చుంటా."

"పర్వాలేదు, చెప్పవ్వా."

"బండి సంగతి చెప్పేదానికి వచ్చినా. నాకొద్దు సామీ ఆ బండి."

"ఏం బండి?"

"గవర్మెంటు ఇస్తాండే బండి. నా పేరు ముందర బండి అని రాసి ఉండాదంట. మా మనవరాలు గోడ మీద చదివి చెప్పింది. మా వాళ్ళందరికీ తలా ఒక కొత్త బండి ఇస్తాండారని బజారంతా ఒకటే సంబరం. నాకు మోకాళ్ళు పట్టేసినాయి, నేను యాడ తోసేది? దాన్ని ఎవురన్నా లేనోళ్ళకి ఇచ్చుకోండి. నా బండ నాకుంటే చాలు."

"బండా?"

"బండప్పా, బండ! నేను కూచ్చునేది. మా యత్త కూచ్చునిన బండ."

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అవ్వ నాకు అర్థం కాలేదనుకుని విడమరిచి చెప్పింది. అంగళ్ళ ముందు కాలువ మీద, మెట్ల పక్కన బేతంచెర్ల నాపరాతి బండలు పరిచి ఉంటాయి. ఎప్పుడో శెట్ల తాతలు వేయించినవి. ఒక్కో బండ మీద ఒక్కో ఆడమనిషి. పూల బండ, తమలపాకుల బండ, గాజుల బండ, నిమ్మకాయల బండ. అత్త తర్వాత కోడలికి వస్తుంది. కూర్చునే మనిషి పోతే పదకొండు దినాలు ఆ బండ మీద ఎవరూ కూర్చోరు, పొద్దున ఒక దీపం పెట్టి వదిలేస్తారు. పన్నెండో నాడు కోడలు వచ్చి బండ కడిగి, గంప దించుకుంటుంది. "నేనట్లే కూచ్చున్నా. రేపు మా కోడలూ దాని మీదనే కూచ్చోవాల" అంది అవ్వ. పోతూ పోతూ నాలుగు నిమ్మకాయలు నా బల్ల మీద పెట్టి, "తిను నాయనా, సల్లగయితాది అన్నం" అని పోయింది.

ఆ నిమ్మకాయల్ని చూస్తే నాకు చచ్చేంత సిగ్గేసింది. పిల్లలూ, నేను ఆ బండల పక్కన కొన్ని వందల సార్లు నడిచాను. వాటి మీద పరిచిన కాయగూరలు బేరమాడాను. అవి నా కళ్ళకు కాలువ మీద కప్పిన రాళ్ళు. వాటికి మనుషులు ఉంటారని, పేర్లుంటాయని ఆ అమ్మాయి వారం రోజుల్లో కనుక్కుంది. ఫారంలో ఆ రకం లేకపోతే తనే రాసింది. నేను దాన్ని అక్షర దోషం అనుకున్నాను.

అమ్మాయిని పిలిచాను. "ఎందుకమ్మా నాకు చెప్పలేదు?" అని అరిచాను. తప్పు నాదైనప్పుడు నా గొంతు ఇంకా పెద్దదవుతుంది.

"చెప్పినాను కదా సార్. బండే అన్నాను. మీరు కూడా బండే అన్నారు. తెలిసే ఏదో రూలు ప్రకారం మార్చినారేమో అనుకున్నా."

అప్పుడు వినబడింది నాకు. బండ అయినా, బండి అయినా, గట్టిగా నొక్కి చెబితే 'బండే'. ఒక్కొక్కరికి రెండేసి ఉండుంటే బతికిపోయేవాళ్ళం. బండలు అని ఆమె, బండ్లు అని నేను అనుకునేవాళ్ళం, అక్కడే తెలిసిపోయేది. తెలుగు నాకంటే ఎవడికి బాగా తెలుసని విర్రవీగినవాణ్ణి తెలుగే కాలడ్డం పెట్టి పడేసింది.

హెడ్‌క్లర్కు, నేను ఒకే ఏడు ఉద్యోగంలో చేరాం. నా పెన్షన్ కాగితాలు తయారు చేస్తున్నది ఆయనే. సంగతంతా విని తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"గమ్మునుండు. గడువు అయిపోయింది కాబట్టి ఎవురూ అడగరు. అడిగినా టైపులో తప్పు పడిందని రాస్తాం. ఆ పాప సర్వే కాబట్టి ఆ పాపకు చిన్న మెమో వస్తాది, దులుపుకుంటే పోతాది. నీకొస్తే ఈ వయసులో పెన్షన్ ఆగుతాది."

"ఆ ఆడవాళ్ళ సంగతో?"

"యాడో ఒక చోట కూచ్చుంటారులేప్పా."

ఆయన చెడ్డవాడు కాదు. నా బిడ్డ పెళ్ళికి మూడు రోజులు సెలవు పెట్టి వడ్డన చేసిన మనిషి. నా మీద ప్రేమతోనే అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ పూట ఆ మాట నాకు కమ్మగానే వినబడింది. రేపు ఒక్క గంట నోరు మూసుకుంటే చాలు. ప్లాను ఖాయమైపోతుంది, నేను పూలదండ వేయించుకుని ఇంటికి పోతాను.

సాయంత్రం ఆ అమ్మాయి చేత్తో రాసిన కాగితాలు ఫైలులోంచి తీశాను. చించేద్దామని తీశానో, చూద్దామని తీశానో ఇప్పటికీ చెప్పలేను. నా ఇరవై రెండు గుడులూ ఎర్రగా మెరుస్తున్నాయి. ఒక్కో గుడి పక్కన మసగ్గా ఏదో ఉంది. కాగితాన్ని కిటికీ వెలుతురుకు పెట్టి చూశాను. పెన్సిలుతో పెట్టి, మళ్ళీ రబ్బరుతో చెరిపేసిన ప్రశ్న గుర్తులు. ఇరవై రెండూ. ఆ పిల్ల ప్రతి గుడి దగ్గరా ఆగి, నన్ను అడగాలనుకుని, భయపడి చెరిపేసుకుంది. నా అయ్యవారు నన్ను కొట్టిన దెబ్బలు ఈ పిల్ల వీపు మీద కనబడినట్టయింది. కాగితాలు సంచిలో పెట్టుకున్నాను.

మరుసటి రోజు మీటింగు. కమిషనర్ కోస్తా నుంచి వచ్చిన కుర్ర అధికారి. నెమ్మదస్తుడు, కానీ ఒకటికి రెండుసార్లు అడిగే రకం. ఆయన పక్కన భవనం ప్లాను గీసిన ఆర్కిటెక్టు. ఎదురుగా బజారు సంఘం అధ్యక్షుడు, నిమ్మకాయల అవ్వ కూర్చునే అంగడి తాలూకు శెట్టి. మెట్లు ముందుకు జరిపాడని రెండేళ్ళ కింద ఆయనకు నోటీసిచ్చింది నేనే. అప్పట్నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. అంగడి ముందు ఈ బండలు పోతే కొత్త భవనం అద్దంలా కనబడుతుందని మొదట సంతోషించేది ఆయనేనని నా లెక్క.

జాబితా ఆమోదానికి వచ్చింది. లేచి నిలబడ్డాను. జాబితాలో ఇరవై రెండు పేర్ల దగ్గర తప్పుందని, అవి బండ్లు కావని, బండలని చెప్పాను.

కమిషనర్ నొసలు చిట్లించి అమ్మాయి వైపు తిరిగాడు. "సర్వే చేసింది మీరే కదండీ?"

అమ్మాయి లేచింది. హెడ్‌క్లర్కు బల్ల కింద నా కాలు తొక్కాడు. గట్టిగా తొక్కాడు.

"ఆమె సరిగ్గానే రాసింది సార్" అన్నాను. "ఈ ఇరవై రెండు గుడులూ కట్టింది నేను." సంచిలోంచి కాగితాలు తీసి ఆయన ముందు పెట్టాను.

శెట్టి మెడ చాచి చూసి పక్కున నవ్వాడు. కమిషనర్ నవ్వలేదు. కాగితాలు ఒక్కొక్కటీ తిప్పాడు. పెన్సిలు గుర్తులూ చూసినట్టున్నాడు, ఒక చోట వేలు ఆగింది.

"దిద్దే ముందు ఆవిణ్ణి ఒక్క మాట అడిగి ఉండొచ్చు కదండీ?" అన్నాడు.

అంతే అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. నా వయసులో సగం కూడా లేని మనిషి ముందు చేతులు కట్టుకుని, "అడగాల్సింది సార్, అడగలేదు" అన్నాను.

ఆర్కిటెక్టు గొంతు సవరించుకున్నాడు. అంగళ్ళ ముందు చోటంతా కార్లు నిలపడానికి పోయిందని, బండలు పెట్టాలంటే ఒక్క ఇంచు కూడా లేదని చెప్పాడు. కమిషనర్ చూపు శెట్టి మీదికి పోయింది.

"సార్" అన్నాడు శెట్టి, "పొద్దన్నే నేను అంగడి తీసేసరికి ఆ యవ్వ ముందర ఊడ్చి నీళ్ళు చల్లి ఉంటాది. నాకాడికి ఉప్పుకొచ్చినోడు ఆమె కాడ నిమ్మకాయలు కొంటాడు. ఆమె కాడికి నిమ్మకాయలకొచ్చినోడు నాకాడ ఉప్పు కొంటాడు. ఊరగాయ పెట్టాలంటే రెండూ ఒక్క చోటనే ఉండాల కదా? ఆ బండలు మా తాత వాళ్ళు వేసినవి. కార్లు యాడన్నా పెట్టుకోండి. బండలు లేకుండా ఉండేట్టయితే మాకు ఈ కొత్త అంగళ్ళు వద్దు, కారతాండే పాతవే ఉండనీండి." తర్వాత నా వైపు తిరిగి, రెండేళ్ళకు మొదటిసారి మాట్లాడాడు. "ఏం పంతులూ, నా మెట్లకిచ్చిన నోటీసులో కూడా ఎన్ని గుడులు కట్టినావో చూడాల."

మీటింగంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అది వేరే సంగతి.

ఆర్కిటెక్టు మంచివాడే. రెండు వారాల్లో ప్లాను మార్చి తెచ్చాడు. కార్లు వెనక్కి పోయాయి. పై అంతస్తు కొంచెం ముందుకు వచ్చింది, దాని నీడలో అంగళ్ళ పొడుగునా బండలకు చోటొచ్చింది. ఫారంలో నాలుగో రకం ఒకటి రాయించారు. రాసింది ఆ అమ్మాయి, సరిచూసిందీ ఆ అమ్మాయే.

నాకు మెమో వచ్చింది. సంజాయిషీ రాసుకున్నాను. దాంట్లో ఒక్క అక్షర దోషం కూడా లేదని హెడ్‌క్లర్కు మెచ్చుకున్నాడు. పెన్షన్ కొన్ని నెలలు ఆలస్యమైంది. ఆ నెలల్లో మా ఇంట్లో ఆమె నన్ను అన్న మాటలు ఇక్కడ రాయను. కానీ మెమో వచ్చిన రోజు కాఫీలో చక్కెర ఒక చెంచా ఎక్కువ వేసింది, అది మాత్రం రాస్తాను.

నేను రిటైరయ్యాక పని మొదలైంది. కాంట్రాక్టరు కొత్త గ్రానైటు పలకలు వేస్తానన్నాడట. ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. ఎవరి బండ వాళ్ళకే కావాలన్నారు. అమ్మాయి దగ్గరుండి ఇరవై రెండు బండలూ లేపించి, అడుగున రంగుతో అంకెలు వేయించి, మున్సిపల్ షెడ్డులో దాచింది. భవనం లేచేదాకా అవ్వ వాళ్ళు రేకుల షెడ్డుల్లో కూర్చున్నారు. ఎండకు మాడిపోతున్నామని నన్ను బజారులో పట్టుకుని తిట్టారు కూడా. పడ్డాను.

బజారు తెరిచే రోజు అమ్మాయి ఫోన్ చేసింది. ఆమె ప్రొబేషన్ ఎప్పుడో పూర్తయింది, గొంతులో ధైర్యం వచ్చింది. "మీరు రాకుంటే బాగుండదు సార్" అని దబాయించింది. పోయాను. చలికోట్లవాళ్ళు ఎవరూ లేరు. పైన ఫ్లాట్లలో అప్పటికే చీరలు ఆరేసి ఉన్నాయి. కింద నీడలో, మెరిసే కొత్త గచ్చు పక్కన, కూర్చుని కూర్చుని నడుమ పల్లం పడిన పాత బండలు వరసగా ఉన్నాయి. అవ్వ తన బండ మీద కూర్చుని ఉంది. పక్కనే కోడలు నిమ్మకాయలు ఏరుతోంది. అప్పుడే ఇచ్చిన ఆర్డరు కాగితాన్ని అవ్వ రెండు చేతులా పట్టుకుని నాకు అందించింది.

"చదువు నాయనా. దీంట్లో గుడి లేదు కదా?"

అద్దాలు పెట్టుకుని చూశాను. రకం: బండ. శుభ్రంగా, ఏ గుడీ లేకుండా ఉంది. "లేదవ్వా" అన్నాను. అని కాగితం తిరిగి ఇవ్వబోతుంటే కనబడింది. ఆమె ఇంటిపేరు చివర ఒక దీర్ఘం. అది అక్కడ ఉండకూడదు. మా వైపు ఆ ఇంటిపేరు వాళ్ళు ఎంతోమంది ఉన్నారు, ఎవరికీ దీర్ఘం లేదు. నా చేయి దానంతటదే జేబులోకి పోయింది. ఎర్ర పెన్ను వేళ్ళకు తగిలింది.

తలెత్తితే ఆ అమ్మాయి నా చేతి వైపే చూస్తోంది.

"అవ్వా" అన్నాను, "మీ ఇంటిపేరేంది? రొంత ఒకసారి చెప్పు."

అవ్వ చెప్పింది. చివరి అక్షరాన్ని బాగా సాగదీసి, ఆ దీర్ఘాన్ని పూర్తిగా పలికి చెప్పింది. "యాల సారూ, తప్పుండాదా?"

"లేదవ్వా, సరిగ్గా ఉండాది. నాకే తెలీదు."

పెన్ను జేబులోనే వదిలేసి చేయి బయటికి తీశాను. అవ్వ తన బండ మీద కొంచెం పక్కకు జరిగి, "కూచ్చో నాయనా" అంది.